ఎర్రర్ వస్తే భయపడకండి, చదవండి

 

నేను హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ డెవలపర్‌ని. పదకొండేళ్లుగా ఇదే పని. మన ఎపిసోడ్స్ కింద ఎక్కువగా కనిపించే ప్రశ్న ఒకటుంది. "అన్నా, జావా నేర్చుకోవాలా, పైథాన్ నేర్చుకోవాలా? ఏఐ వచ్చేసింది కదా, అసలు నేర్చుకోవాలా వద్దా?" ఈ ఎపిసోడ్ మొత్తం దానికే జవాబు అనుకోండి.

మీరు ఏ లాంగ్వేజ్ నేర్చుకున్నా, ఏ కంపెనీలో చేరినా, మీ రోజులో ఎక్కువ భాగం ఒకే పనికి పోతుంది. నిన్నటిదాకా నడిచింది ఈరోజు ఎందుకు నడవట్లేదో కనుక్కోవడం. దీన్నే డీబగ్గింగ్ అంటాం. కాలేజీలో దీనికి సబ్జెక్ట్ ఉండదు. అమీర్‌పేట ఫ్లెక్సీల మీద జావా, పైథాన్, డెవాప్స్, డేటా సైన్స్ అన్నీ ఉంటాయి, డీబగ్గింగ్ అని విడిగా ఒక కోర్స్ నాకైతే కనపడలేదు. కాలేజీలో ఖాళీ ఫైల్ తెరిచి మొదటి నుంచి రాస్తాం. కంపెనీలో ఎవరో ఆరేళ్ల కింద రాసి, వేరే ఉద్యోగానికి వెళ్లిపోయిన కోడ్ మన చేతికొస్తుంది. "ఇది సరిచెయ్" అంటారు. అక్కడ చాలామంది ఫ్రెషర్స్ బిగుసుకుపోతారు. తెలివి లేక కాదు. ఎక్కడ మొదలుపెట్టాలో ఎవరూ చెప్పలేదు కాబట్టి.

ఆ మొదలుపెట్టడం ఎలాగో ఈరోజు చెప్తా. ఆరు విషయాలు. ఆ తర్వాత ఏఐ గురించి కూడా మాట్లాడదాం.

ఒకటి. ఎర్రర్ మెసేజ్ చదవండి.

నవ్వొద్దు. చాలామంది చదవరు. స్క్రీన్ మీద ఎర్ర అక్షరాలు కనపడగానే గుండె ఝల్లుమంటుంది, కిటికీ మూసేస్తారు, మళ్లీ రన్ కొడతారు. మళ్లీ అదే వస్తుంది. ఇంకోసారి కొడతారు. లేదంటే మొత్తం కాపీ చేసి ఏఐకి పడేస్తారు. ఎర్రర్ అనేది తిట్టు కాదండీ, అడ్రస్. ఏ ఫైల్, ఎన్నో లైన్, ఏం తేడా అన్నది చాలాసార్లు అందులోనే ఉంటుంది.

చదవడానికి ఒక పద్ధతి ఉంది. పైథాన్‌లో అయితే కింద నుంచి చదవండి. చివరి లైన్‌లో అసలు సంగతి ఉంటుంది, దాని పైన ఎక్కడ జరిగిందో ఉంటుంది. జావాలో అయితే వంద లైన్లు వస్తాయి, భయపడకండి. "కాజ్డ్ బై" అన్న మాట కోసం వెతకండి. అలాంటివి నాలుగు ఉంటే, అన్నిటికంటే చివరిది చూడండి. అసలు కారణం సాధారణంగా అక్కడ ఉంటుంది. ఆ తర్వాత మీ ప్రాజెక్ట్ పేరు ఉన్న లైన్ ఎక్కడుందో చూడండి. మిగతావన్నీ లైబ్రరీల లైన్లు. వాటిలో తప్పు ఉండే అవకాశం తక్కువ. మీ టీమ్ రాసిన లైన్ దగ్గర ఆగండి.

జావాస్క్రిప్ట్‌లో "కెనాట్ రీడ్ ప్రాపర్టీస్ ఆఫ్ అన్‌డిఫైన్డ్" అని వస్తుంది. దాన్ని తెలుగులో అనుకోండి. "నువ్వు లోపలున్న వస్తువు అడుగుతున్నావు, కానీ అసలు డబ్బానే లేదు" అని చెప్తోంది. అంతే. అప్పుడు మీ ప్రశ్న మారుతుంది. "ఎర్రర్ ఎలా పోగొట్టాలి" అన్నది పోయి "డబ్బా ఎందుకు రాలేదు" అన్నది వస్తుంది. ఈ రెండో ప్రశ్నకి జవాబు దొరుకుతుంది.

తెలుగు మీడియంలో చదివిన తమ్ముళ్లు, చెల్లెళ్లు ఒక మాట వినండి. ఎర్రర్ ఇంగ్లీష్‌లో ఉంటుంది కదా అని జంకకండి. రోజూ ఎదురయ్యే ఎర్రర్లలో తిరిగి తిరిగి వచ్చే మాటలు కొన్నే. నల్, అన్‌డిఫైన్డ్, టైమ్‌అవుట్, పర్మిషన్ డినైడ్, కనెక్షన్ రిఫ్యూజ్డ్, నాట్ ఫౌండ్. ఒక నోట్‌బుక్‌లో వీటిని రాసుకుని, పక్కన మీ సొంత తెలుగులో అర్థం రాసుకోండి. నెల తిరిగేసరికి ఆ భయం సగం తగ్గుతుంది.

రెండు. ప్రాబ్లమ్‌ని మళ్లీ రప్పించండి.

"యాప్ పనిచేయట్లేదు" అని ఫోన్ వస్తుంది. ఇది కంప్లైంట్, ఇందులో సమాచారం లేదు. ఎవరికి పనిచేయట్లేదు? ఏ ఫోన్‌లో? ఏం నొక్కితే? ఎప్పటినుంచి? అందరికీనా, కొందరికేనా? మీ కళ్లముందు అది మళ్లీ జరిగేలా చేయగలిగితే సగం పని అయిపోయినట్టే.

మా టీమ్‌కి వచ్చిన ఒక కేసు చెప్తా. ఒక హాస్పిటల్‌కి అపాయింట్‌మెంట్ యాప్. పేరు వద్దు. కొందరు పేషెంట్లకి ఒకరోజు ముందు తేదీ పడుతోంది. పదిహేనో తారీకు అని బుక్ చేస్తే పద్నాలుగు అని మెసేజ్ వెళ్తోంది. టెస్టింగ్ టీమ్ వందసార్లు చూసింది. ఒక్కసారి కూడా తప్పు రాలేదు. అంతా కరెక్ట్. "యూజర్లే తప్పు నొక్కుతున్నారు" అని టికెట్ మూసేయబోయారు.

మా టీమ్‌లో ఒక అమ్మాయి ఉంది, చేరి ఎనిమిది నెలలు. తను చేసిన పని చాలా సింపుల్. తప్పుపడ్డ బుకింగ్స్ అన్నీ ఒక షీట్‌లో పెట్టింది. ఫోన్ మోడల్ చూసింది, అందులో పోలిక లేదు. ఊరు చూసింది, లేదు. వయసు చూసింది, లేదు. బుక్ చేసిన టైమ్ చూసింది. అన్నీ రాత్రి పన్నెండు నుంచి తెల్లవారుజాము ఐదున్నర మధ్యలోవే.

ఐదున్నర అనగానే మీలో కొందరికి అర్థమైపోయి ఉంటుంది. మన ఇండియా టైమ్ యూటీసీ కంటే 5 గంటల 30 నిమిషాలు ముందు. రాత్రి 12:40కి, అంటే పదిహేనో తారీకు మొదలయ్యాక, ఒకాయన "ఈరోజే కావాలి" అని బుక్ చేశాడనుకోండి. సర్వర్‌లో టైమ్ యూటీసీలో ఉంటుంది. అక్కడ అది ఇంకా పద్నాలుగో తారీకు సాయంత్రం 7:10. ఎవరో అందులోంచి తేదీ మాత్రం తీసుకుని మెసేజ్‌లో పెట్టారు. పద్నాలుగు అని వెళ్లింది. టెస్టింగ్ టీమ్ ఆఫీస్‌కి వచ్చేది ఉదయం పదింటికి. ఆ టైమ్‌లో రెండు తేదీలూ ఒకటే. వందసార్లు కాదు, వెయ్యిసార్లు చూసినా తప్పు కనపడదు.

ఇది చిన్న బగ్‌లా ఉంటుంది వినడానికి. కానీ అర్ధరాత్రి అపాయింట్‌మెంట్ బుక్ చేసేది ఎవరు? ఇంట్లో ఎవరికో నొప్పి వచ్చి నిద్రపట్టని వాళ్లు. తప్పు తేదీ చూసి, టైమ్ అయిపోయిందేమో అని వెళ్లడం మానేసిన వాళ్లు ఉండొచ్చు. మనం రాసే కోడ్‌కి అవతల మనిషి ఉంటాడు. "యూజర్ తప్పు" అనే ముందు ఇంకో అరగంట వెతకడం అందుకే.

దీనికి ఇంకో ఉదాహరణ మన తెలుగుదే. 2018 ఫిబ్రవరి గుర్తుందా? ఒక తెలుగు అక్షరం పంపిస్తే ఐఫోన్‌లో మెసేజింగ్ యాప్స్ క్రాష్ అయిపోయేవి. ప్రపంచమంతా వార్తల్లో వచ్చింది. అది జ్ఞానంలోని "జ్ఞా" లాంటిది. మామూలుగా టైప్ చేసే "జ్ఞా" వల్ల ఏమీ కాలేదు. జ, దాని కింద హలంతు గుర్తు, ఞ, ఆ తర్వాత కంటికి కనపడని ఒక క్యారెక్టర్, దీర్ఘం. ఈ వరుసలో వస్తేనే ఫోన్ తట్టుకోలేకపోయింది. యాపిల్ అదే నెలలో ఐఓఎస్ 11.2.6 అప్‌డేట్‌తో దాన్ని సరిచేసింది.

"ఫోన్ క్రాష్ అవుతోంది" అన్న దగ్గర ఆగిపోతే ఎవరూ ఏమీ చేయలేరు. "సరిగ్గా ఈ ఐదు క్యారెక్టర్లు ఈ వరుసలో వస్తే క్రాష్ అవుతోంది" అనే దాకా తగ్గించుకుంటూ వస్తే ఎక్కడ చూడాలో తెలిసిపోతుంది. ప్రాబ్లమ్‌ని వీలైనంత చిన్నది చేయడం అంటే ఇదే.

మన భాష సంగతి వచ్చింది కాబట్టి ఇంకో ముక్క. "శ్రీ" మనకి ఒక్క అక్షరం. కంప్యూటర్‌కి నాలుగు: శ, హలంతు, ర, గుడిదీర్ఘం. యూటీఎఫ్ ఎయిట్‌లో ఒక్కొక్కటి మూడు బైట్లు, మొత్తం పన్నెండు. పేరు ఫీల్డ్‌కి ఇరవై బైట్లు చాలు అని ఎవరో ఎక్కడో కూర్చుని పెడితే, మన అమ్మమ్మ పేరు సగంలో తెగిపోతుంది. యాప్ టెస్ట్ చేసేటప్పుడు "ఏబీసీ", "టెస్ట్ వన్" అని కొట్టి వదిలేయకండి. తెలుగులో ఒక పొడుగాటి పేరు కొట్టి చూడండి. ఇంటిపేరు ఒక్క అక్షరమే ఉన్న మనిషి పేరు కొట్టి చూడండి. మీ టీమ్‌లో ఇంకెవరికీ తట్టని బగ్ మీకు దొరుకుతుంది.

మూడు. సగానికి కొట్టండి.

చిన్నప్పుడు ఆడుకునే ఆట ఉంది కదా, "ఒకటి నుంచి వెయ్యి లోపు ఒక నంబర్ అనుకున్నా, చెప్పు". ఒకటా, రెండా, మూడా అని అడిగితే రోజంతా పడుతుంది. ఐదొందల కంటే ఎక్కువా తక్కువా అని అడిగితే సగం పోతుంది. ఇలా పది ప్రశ్నల్లో ఏ నంబరైనా దొరికిపోతుంది.

బగ్ కూడా అంతే. బటన్ నొక్కిన దగ్గర నుంచి డేటాబేస్ దాకా పది స్టెప్పులు ఉన్నాయనుకోండి. మొదటి నుంచి ఒక్కొక్కటీ చూడకండి. మధ్యలో ఐదో స్టెప్ దగ్గర ఒక లాగ్ పెట్టి, అక్కడ డేటా కరెక్ట్‌గా ఉందా చూడండి. ఉంటే తప్పు తర్వాతి సగంలో ఉంది. లేకపోతే ముందు సగంలో. సగం కోడ్ ఇక చూడక్కర్లేదు.

గిట్‌లో దీనికి రెడీమేడ్ కమాండ్ ఉంది, గిట్ బైసెక్ట్. "పోయిన నెల బాగుంది, ఇప్పుడు పాడైంది, మధ్యలో వెయ్యి కమిట్లు ఉన్నాయి" అంటే, అది మధ్యలోది తీసి చూపిస్తుంది. మీరు బాగుంది, బాగోలేదు అని చెప్తూ ఉంటే చాలు. దాదాపు పదిసార్లు చూస్తే ఏ కమిట్ పాడు చేసిందో పట్టిస్తుంది. ఇది తెలియక వారాలు వెతికేవాళ్లు ఉన్నారు. ఈ వారం ఒకసారి ట్రై చేయండి.

నాలుగు. ఒకసారికి ఒకటే మార్చండి, మార్చింది రాసుకోండి.

టెన్షన్‌లో ఉన్నప్పుడు మనం ఏం చేస్తాం? ఇక్కడ ఒక లైన్ తీసేస్తాం, అక్కడ వెర్షన్ మారుస్తాం, ఇంకోచోట సెట్టింగ్ మారుస్తాం. మొత్తానికి నడుస్తుంది. హమ్మయ్య అనుకుంటాం. మూడింట్లో ఏది పనిచేసిందో తెలియదు. మిగతా రెండూ ఇంకెక్కడ ఏం పాడు చేశాయో తెలియదు. అది ఫిక్స్ కాదు, బాకీ.

పక్కన ఒక నోట్‌బుక్ పెట్టుకోండి, లేదా ఫోన్‌లో నోట్స్ తెరవండి. మూడు కాలమ్స్. ఏం అనుకున్నాను, ఏం మార్చాను, ఏం జరిగింది. పని చేయకపోతే మార్చింది వెనక్కి తీసేసి, ఇంకోటి చూడండి.

ఇది పాత అలవాటే. 1947 సెప్టెంబర్ 9న అమెరికాలో హార్వర్డ్ మార్క్ 2 అనే కంప్యూటర్‌లో రిలే మధ్య ఒక చిమ్మటపురుగు ఇరుక్కుంది. దాన్ని తీసి పారేయలేదు. టైమ్‌తో సహా రాసి, ఆ పురుగుని లాగ్‌బుక్‌లో టేప్‌తో అంటించారు. ఆ పేజీ ఇప్పుడు స్మిత్‌సోనియన్ మ్యూజియంలో ఉంది. బగ్ అనే మాట అంతకుముందు నుంచే ఇంజినీర్ల నోట్లో ఉంది, ఆ రోజు నిజం పురుగే దొరికింది. మనకి కావాల్సింది పురుగు కాదు, ఆ లాగ్‌బుక్ అలవాటు.

ఐదు. అడగండి, కానీ పద్ధతిగా అడగండి.

ఫ్రెషర్స్‌లో రెండు రకాలు చూశా. ఒకరు ఐదు నిమిషాలకోసారి సీనియర్ కుర్చీ దగ్గర ఉంటారు. ఇంకొకరు మూడు రోజులు ఎవరికీ చెప్పకుండా లోపల్లోపల కుమిలిపోతారు. అడిగితే "ఇది కూడా రాదా" అంటారేమో అని భయం. ప్రొబేషన్‌లో ఉన్నాం, తీసేస్తారేమో అని భయం. ఇంట్లో నాన్న కోచింగ్‌కి అప్పు చేసి ఉంటాడు, అది గుర్తొచ్చి ఇంకా భయం. అర్థం చేసుకోగలను. కానీ మూడో రోజు సాయంత్రం బయటపడితే మేనేజర్‌కి కోపం వచ్చేది మీకు రాలేదని కాదు. మూడు రోజులు చెప్పలేదని.

నా లెక్క అరగంట. అరగంట సిన్సియర్‌గా వెతకండి. అడుగు ముందుకి పడుతుంటే ఇంకాసేపు చూడండి. పడకపోతే అడగండి. అడిగేటప్పుడు "హాయ్ బ్రో" అని పెట్టి ఎదురుచూడకండి. "బ్రో, ఎర్రర్ వస్తోంది" అని స్క్రీన్ ఫొటో తీసి పెట్టకండి, అందులో సగం అక్షరాలు కనపడవు. ఇలా రాయండి.

"అన్నా, పేమెంట్ పేజీలో సబ్మిట్ నొక్కితే టైమ్‌అవుట్ వస్తోంది. నా మెషీన్‌లో ప్రతిసారీ వస్తోంది, టెస్ట్ సర్వర్‌లో రావట్లేదు. కనెక్షన్ సెట్టింగ్స్ రెండూ పోల్చి చూశా, ఒకేలా ఉన్నాయి. ఫైర్‌వాల్ ఏమో అనుకుంటున్నా. ఎక్కడ చెక్ చేయాలో చెప్తారా? ఎర్రర్ టెక్స్ట్ కింద పెట్టా."

ఏం చేస్తే వస్తోంది, ఏం చూశాను, ఏం అనుకుంటున్నాను. ఈ మూడూ ఉంటే ఎంత బిజీగా ఉన్న సీనియర్ అయినా రెండు నిమిషాల్లో జవాబు ఇస్తాడు. ఇంకో తమాషా ఏంటంటే, ఈ మెసేజ్ టైప్ చేస్తుండగానే చాలాసార్లు జవాబు మనకే తట్టేస్తుంది. పంపకుండానే డిలీట్ చేసేస్తాం.

సీనియర్లకి కూడా ఒక మాట. తమ్ముడు వచ్చి అడిగినప్పుడు కీబోర్డ్ లాక్కుని మీరే చేసేయకండి. "నువ్వేం అనుకుంటున్నావు?" అని ఒక్కసారి అడగండి. వాడు నేర్చుకునేది అక్కడే.

ఆరు. ఎంటర్ నొక్కే ముందు ఎక్కడ ఉన్నారో చూసుకోండి.

గిట్‌ల్యాబ్ అని పెద్ద కంపెనీ ఉంది, కోడ్ దాచుకునే సర్వీస్. 2017 జనవరి 31 రాత్రి వాళ్లకి డేటాబేస్ ప్రాబ్లమ్ వచ్చింది. ఇంజినీర్ చాలా గంటలుగా పనిచేస్తున్నాడు. రెండో సర్వర్‌లో ఉన్న డేటా ఫోల్డర్ తీసేయాలి అనుకుని కమాండ్ కొట్టాడు. కానీ తను ఉన్నది మెయిన్ సర్వర్‌లో. ఒకటి రెండు సెకన్లలో గమనించి ఆపాడు. అప్పటికే దాదాపు 300 జీబీలో నాలుగున్నర జీబీయే మిగిలింది.

సరే, బ్యాకప్ ఉంటుంది కదా? రోజూ తీసుకోవాల్సిన బ్యాకప్ వెర్షన్ తేడా వల్ల కొంతకాలంగా ఫెయిల్ అవుతోంది. ఫెయిల్ అయిందని వెళ్లాల్సిన ఈమెయిల్స్ కూడా చేరట్లేదు. ఎవరికీ తెలియదు. చివరికి ఆరు గంటల ముందు వేరే పని కోసం ఒకరు తీసిన కాపీ దొరికింది. దాంతో నిలబడ్డారు. ఆ ఆరు గంటల డేటా మాత్రం పోయింది.

ఇందులో మనం పట్టుకోవాల్సినవి మూడు. ప్రొడక్షన్ టెర్మినల్‌కి, టెస్ట్ టెర్మినల్‌కి వేరే వేరే రంగులు పెట్టుకోండి. ప్రొడక్షన్ ఎరుపు. డిలీట్ కమాండ్ కొట్టే ముందు ఏ మెషీన్‌లో ఉన్నారో పైకి చదవండి, పక్కన ఇంకొకరిని కూర్చోబెట్టుకోండి. రెండోది, తిరిగి తెచ్చి చూడని బ్యాకప్‌ని బ్యాకప్ అనకండి. మీ ఫోన్‌లో ఫొటోలకి కూడా ఇదే వర్తిస్తుంది. బ్యాకప్ ఆన్‌లో ఉంది అనుకుంటాం, స్టోరేజ్ నిండి ఎప్పుడో ఆగిపోయి ఉంటుంది. ఈరోజే వేరే ఫోన్‌లో లాగిన్ అయ్యి, పోయిన వారం ఫొటో వస్తుందో లేదో చూడండి.

మూడోది ముఖ్యం. గిట్‌ల్యాబ్ వాళ్లు దాన్ని దాచలేదు. సరిచేసే పనిని యూట్యూబ్‌లో లైవ్ పెట్టారు, తర్వాత ఏం జరిగిందో మొత్తం రాసి అందరికీ చూపించారు. ఒక మనిషిని దోషిగా నిలబెట్టకుండా, ఒక్క కమాండ్‌తో ఇంత పోయేలా సిస్టమ్ ఎందుకుంది అని అడిగారు. అందుకే మీ చేతుల్లో ఏదైనా పాడైతే, ఐదు నిమిషాల్లో టీమ్ లీడ్‌కి చెప్పండి. "నేను ఈ టైమ్‌కి ఈ కమాండ్ కొట్టాను, ఇది జరిగింది" అని. దాచిన గంట గంటకీ నష్టం పెరుగుతుంది. చెప్పినందుకు అరిచే మేనేజర్లు ఉంటారు, లేరని అనను. కానీ దాచిపెట్టి దొరికిన మనిషిని మళ్లీ నమ్మేవాళ్లు ఉండరు.

ఇప్పుడు ఏఐ సంగతి.

నేను రోజూ వాడతాను. వాడొద్దని చెప్పను. ఇదివరకు గంట పట్టే బోర్ పని ఇప్పుడు పది నిమిషాల్లో అవుతోంది. ఫ్రెషర్స్ భయం కూడా నిజమే. ఇదివరకు కొత్తవాళ్లకి ఇచ్చే చిన్న చిన్న పనులు, ఒక ఫారం రాయడం, ఒక టెస్ట్ రాయడం లాంటివి ఏఐ చేసేస్తోంది. అది కాదని చెప్పి మిమ్మల్ని మభ్యపెట్టను.

కానీ ఒకటి ఆలోచించండి. రాయడం తేలికైంది కాబట్టి కోడ్ ఇంకా ఎక్కువగా తయారవుతోంది. ఎవరూ పూర్తిగా చదవని కోడ్. అది నడవనప్పుడు ఎవరిని పిలుస్తారు? ఎర్రర్ చదవగలిగే మనిషిని. ఆ అపాయింట్‌మెంట్ కేసు ఏఐకి ఇస్తే యూటీసీ అని చెప్పేది, నిజమే. కానీ తప్పుపడ్డ బుకింగ్స్ అన్నీ ముందేసుకుని, "యూజర్ తప్పు కాదేమో" అని అనుమానించాల్సింది మనిషే. ఆ అనుమానం రాకపోతే ఏఐని అడగడానికి ప్రశ్నే ఉండదు.

అందుకే ఏఐ ఇచ్చిన కోడ్‌కి నాలుగు రూల్స్ పెట్టుకోండి. మీరు లైన్ లైన్ వివరించలేని కోడ్‌ని మీ పేరు మీద కమిట్ చేయకండి. రివ్యూలో "ఇది ఎందుకు రాశావు" అంటే "ఏఐ ఇచ్చింది సార్" అన్నది జవాబు కాదు. రెండు, అది చెప్పిన ప్యాకేజీ నిజంగా ఉందా, ఎవరు నడుపుతున్నారు అని చూడండి. లేని ప్యాకేజీ పేర్లు అది ధీమాగా చెప్తుంది, ఆ పేరుతో ఎవరో దొంగ ప్యాకేజీ పెట్టి ఉంటే మీ మెషీన్‌లోకి మీరే పిలిచినట్టు అవుతుంది. మూడు, పాస్‌వర్డ్స్, కీస్, కస్టమర్ల వివరాలు, కంపెనీ కోడ్ పర్మిషన్ లేకుండా బయటి టూల్స్‌లో పేస్ట్ చేయకండి. ఉద్యోగం పోయే పని అది. నాలుగు, నేర్చుకునే దశలో ఉన్నవాళ్లు ముందు పదిహేను నిమిషాలు మీరే వెతికి, మీ అంచనా కాగితం మీద రాసి, అప్పుడు అడగండి. మీ అంచనాకి, దాని జవాబుకి ఎంత తేడా ఉందో చూడండి. మీరు నేర్చుకునేది ఆ తేడా దగ్గరే.

చివరగా ఒక మాట. బగ్ దొరకనప్పుడు రాత్రి రెండింటిదాకా కూర్చోవడం గొప్ప అనుకుంటారు కొందరు. ఆ టైమ్‌లో మన కళ్లు ముందున్న కామాని కూడా చూడవు. లేచి వెళ్లి టీ తాగండి, అమ్మకి ఫోన్ చేయండి, పడుకోండి. చాలా బగ్స్ పొద్దున స్నానం చేస్తుంటే దొరుకుతాయి. అప్పటికీ దొరక్కపోతే అడగండి. దొరకలేదంటే మీకు ఈ ఫీల్డ్ సెట్ కాదని అర్థం కాదు. పదకొండేళ్ల తర్వాత కూడా నాకు రోజూ ఎర్రర్స్ వస్తాయి. ఎర్రర్ రాని డెవలపర్ ఉన్నాడంటే, ఆ రోజు ఆయన కోడ్ రన్ చేయలేదని అర్థం.

ఈ వారం హోమ్‌వర్క్. ల్యాప్‌టాప్ లేదా? ఫర్వాలేదు, ఫోన్ బ్రౌజర్‌లోనే పైథాన్ నడిపే సైట్లు ఉన్నాయి. పది లైన్ల ప్రోగ్రామ్ ఒకటి రాయండి, నడిచేది. తర్వాత కావాలని పాడు చేయండి. ఒక బ్రాకెట్ తీసేయండి, ఒక స్పెల్లింగ్ మార్చండి, సున్నాతో భాగించండి. వచ్చిన ప్రతి ఎర్రర్‌నీ నోట్‌బుక్‌లో రాసి, పక్కన మీ తెలుగులో అర్థం రాయండి. ఐదు ఎర్రర్లు చాలు. అందులో మీకు బాగా నవ్వొచ్చిన అర్థం కామెంట్‌లో పెట్టండి, అందరం చదువుకుందాం.

వచ్చే ఎపిసోడ్‌లో వేరేవాళ్లు రాసిన పాత కోడ్ ఎలా చదవాలో మాట్లాడుకుందాం. ఉంటాను మరి. బ్యాకప్ చెక్ చేసుకోవడం మర్చిపోకండి. బై.